పాట వినడానికి వచ్చినవాళ్ళు

దుకాణంలో ఇన్నేళ్ళు నేను కూర్చున్న కుర్చీలో ఇప్పుడు మౌనిక అనే అమ్మాయి కూర్చుంటోంది. పనిలో చేరిన కొత్తలోనే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. "అక్కా, కంపెనీలోళ్ళు ఇచ్చిన కాగితాలన్నీ చదివిన. అయినా గిరాకీ ముంగట నిలబడితే నోట్లెకెళ్ళి మాట వస్తలేదు. ఏం మాట్లాడాలె?" అని అడిగింది. చాయ్ తాగేలోపు చెప్పి పంపించే జవాబు కాదది. అందుకే రాస్తున్నాను.

నా పేరు అనసూయ. నల్లగొండలో ఇంట్లో పాటలు వినే సామాను అమ్మే ఒక దుకాణంలో, క్యాసెట్ల కాలం నుంచి నిరుటి దాకా పనిచేశాను. స్పీకర్లు, ఆంప్లిఫయర్లు, వాటిని కలిపే వైర్లు అమ్మడం, ఇళ్ళకు వెళ్ళి బిగించి రావడం, చిన్నచిన్న మరమ్మతులు నా పని. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కంపెనీ ఏ బహుమతి ఇచ్చింది అన్నవి మౌనికకు పనికిరావు. తెలంగాణ వచ్చాక గడిచిన ఏళ్ళలో నేను దగ్గరగా చూసిన కొద్దిమంది మనుషుల గురించి చెబితే, ఈ పనేమిటో ఆమెకే అర్థమవుతుంది.

ముందు ఒక చిన్న మాట. ఈ దుకాణాల్లో ఆడమనిషి కనపడితే ఇప్పటికీ భుజం మీదుగా లోపలికి తొంగిచూసి "సేటు లేడా?" అంటారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత మాట్లాడడం మానేసి ఒక మంచి పాట పెట్టడం మొదలుపెట్టాను. పాట సగానికి వచ్చేసరికి సేటు సంగతి మరిచిపోయేవారు. మరిచిపోనివాళ్ళు ఎలాగూ కొనరు. వాళ్ళ గురించి బెంగ పెట్టుకోవద్దు.

పై గది

మా ఓనరు శంకరయ్య సేటు. ఆయనకు సంగీతం రాదు. పాట పెట్టిన కాసేపటికి కుర్చీలోనే నిద్రపోయేవాడు. కాని మనుషుల్ని చూడగానే చదివేవాడు. ఊళ్ళో కొత్త ఇళ్ళు లేస్తున్నాయని, వాటిలో పాటల కోసం ప్రత్యేకంగా ఒక గది కట్టించుకునేవాళ్ళు పెరిగారని గమనించి, దుకాణం మీద ఒక గది వేయించాడు. గోడలకు మోత పీల్చే ఫోమ్ పలకలు, కిటికీలకు మందపాటి పరదాలు, నేల మీద తివాచీ, మధ్యలో సోఫా. చెప్పులు కిందే విడవాలి. మంచి సామానంతా అందులోనే.

ఆ గదికి పెద్దదిక్కు భూపాల్ సార్. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయినవారు. స్పీకరు మూలకు జరిపితే ఎందుకు బుంగబుంగమంటుంది, ఉత్త గోడల గదిలో పాట ఎందుకు చెదిరిపోతుంది అన్నవన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఎన్నిసార్లు అడిగినా విసుక్కునేవారు కాదు. ఆదివారం పొద్దున ఆయనా, ఆయన స్నేహితులు నలుగురైదుగురూ పై గదిలో చేరి పాటలు వినేవారు. వాయులీనం నెమ్మదిగా ఎత్తుకుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం చాలాసార్లు చూశాను. అంత ప్రేమ ఆయనకు.

అలాంటి మనిషి, కొత్తవాళ్ళు ఎవరైనా మెట్లెక్కి వస్తే మారిపోయేవారు. ఇంట్లో ఏ ఆంప్లిఫయరుంది, ఏ స్పీకర్లున్నాయి, ఏ వైరు వాడుతున్నావు అని అడిగేవారు. జవాబు నచ్చకపోతే తిట్టేవారు కాదు. స్నేహితుల వైపు తిరిగి చిన్నగా నవ్వేవారు. తిట్టినా బాగుండేది. ఆ నవ్వుకు చాలామంది మెట్లు దిగి మళ్ళీ మా గడప తొక్కలేదు.

వైర్ల మాట వచ్చింది కాబట్టి నా అభిప్రాయం చెప్పేస్తాను. సరిపడా మందమున్న రాగి వైరు తీసుకుని రెండు కొసలూ గట్టిగా బిగిస్తే చాలు. అంతకు మించి డబ్బు పెట్టేవాళ్ళు వైరు కొనడం లేదు, గౌరవం కొంటున్నారు. కొంటామంటే అమ్ము మౌనికా, అది వ్యాపారం. కాని తేడా ఉంటుందా అని నిన్ను నమ్మి అడిగినవాళ్ళకు మాత్రం నిజం చెప్పు.

నర్సింహ

ఒక ఆదివారం నేను పై గదిలో స్పీకరు వెనక వంగి వైరు బిగిస్తుంటే, నలభై ఏళ్ళ మనిషి ఒకాయన సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "లోపటికి రావచ్చా సార్?" అన్నాడు. భూపాల్ సార్ తలూపారు.

"నా పేరు నర్సింహ సార్. మాది పోచంపల్లి. మగ్గం నేస్త. పాటలంటే పానం. గిది నేనే చేసుకున్న" అంటూ సంచిలో నుంచి ఒక అట్ట తీశాడు. దాని మీద కార్లలో పెట్టే ఆంప్లిఫయరు, దానికి కరెంటు అందడానికి పాత కంప్యూటర్‌లోంచి తీసిన డబ్బా. ఏ వైరు ఎటు పోవాలో గుర్తుండడానికి ఒక్కో వైరుకు ఒక్కో రంగు పట్టుదారం చుట్టాడు. చూడముచ్చటగా ఉంది.

"కార్లది తెచ్చి ఇంట్ల పెట్టినవా?" అన్నారు భూపాల్ సార్.

"అవు సార్."

"మరి స్పీకర్లు?"

"పాతయి దొరికినయి సార్. అంచులు చినిగినయి. గొంతు జర గరగరంటది. ఎట్ల చేస్తే తియ్యగ ఇనొస్తదో మిమ్ముల అడుగుదామని వచ్చిన."

సార్ పక్కవాళ్ళ వైపు చూశారు. ఆ నవ్వు వచ్చింది. "గిది పాట వినేది కాదు నాయినా, చప్పుడు చేసేది. ముందుగాల సామాను కొనుక్కో. తియ్యదనం సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. సోఫాలో ఒకరిద్దరు పైకే నవ్వారు.

నర్సింహ దారాలు చిక్కుపడకుండా అట్టను మెల్లగా సంచిలో పెట్టుకున్నాడు. "సరే సార్" అని మెట్లు దిగాడు. నేను చేతిలోది వదిలేసి వెనకే దిగాను. అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

"తమ్మీ, చాయ్ తాగి పోదువు."

"వద్దక్కా. బస్సు పోతది."

"అది పోతే ఇంకోటి వస్తది. కూసో."

మొహమాటానికి కూర్చున్నాడు. ఏం అడగాలో నాకూ తోచలేదు. సామాను గురించి అడిగితే మళ్ళీ గాయం రేగుతుంది. అందుకని, "ఏం వింటవు తమ్మీ?" అన్నాను.

ఆ మాటతో మనిషి విచ్చుకున్నాడు. పాత సినిమా పాటలు, బతుకమ్మ పాటలు, వాళ్ళ నాయిన పాడే భజనలు, ఒకటి కాదు. చాయ్ చల్లారిపోయింది. "మగ్గం మీద ఒక్కనాడు పాట లేకపోతే పొద్దు గడవదక్కా. పాటుంటె చెయ్యి దానంతట అదే పోతది. గని మగ్గం టకటక కొడ్తుంటె పాటల మాటలు ఇనవడవు. గొంతు పెంచితే బొంగురైతది, పక్కింటోళ్ళు లొల్లి పెడ్తరు. నేనూ మా సుగుణా సగం సగం పాటనే ఇంటం" అన్నాడు.

మా దుకాణానికి శుక్రవారం సెలవు. "వచ్చే శుక్రవారం మీ ఇంటికొస్త. ఏం పైసలియ్యనవసరం లేదు, నాకూ చూడాలని ఉన్నది" అన్నాను.

సామాను చూసి మనిషిని తూచేవాళ్ళకు ఈ ఉద్యోగం రాదని నాకు ఆ రోజే తెలిసింది. వచ్చినవాళ్ళ ఇంట్లో ఏముందని కాదు, వాళ్ళు ఏం వింటారని అడగాలి. ఒక్క మాటతో తలుపు తెరుచుకుంటుంది.

పోచంపల్లిలో నేను చేసిన పొరపాటు

వాళ్ళది గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు జారవిడిచి నేల మట్టాన కూర్చుని నేస్తాడు. స్పీకర్లేమో గోడకు చాలా ఎత్తున, దేవుడి పటాల పక్కన చెక్క మీద ఉన్నాయి. పాటంతా ఆయన తల మీదుగా పోయి ఎదుటి గోడకు తగులుతోంది. ఆయన భార్య సుగుణ కూడా పక్కనే కింద కూర్చుని, మేకుల వరుసల మీదుగా పట్టుదారాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఆసు పోస్తోంది. ఆ ఇంట్లో నిలబడి పాట వినేవాళ్ళే లేరు.

చినిగిన అంచుల స్థానంలో కొత్త ఫోమ్ అంచులు అతికించి ఆరబెట్టాను. ఆరేలోపు సుగుణ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తర్వాత స్పీకర్లు రెండూ దించి నేల మీద, గోడకు ఆనించి పెట్టించాను. చెవులకు సమంగా వచ్చాయి కదా అని మురిసిపోయాను. పాట పెట్టాం. సుగుణ కాసేపు విని, చెయ్యి ఆపి, "వదినా, పాట మంచిగనే ఉన్నది. గని ఎవరో గోడ అవుతల రోకలితోటి దంచినట్టున్నది" అంది.

నిజమే. నేలకూ గోడకూ ఆనిస్తే కింది గొంతు, అంటే బేస్, ఉబ్బిపోతుందని భూపాల్ సార్ నాకు ఎన్నిసార్లు చెప్పారో. నేనే ఎంతోమందికి చెప్పాను. ఆ ఇంట్లో నేల మట్టాన కూర్చున్న మనుషుల్ని చూసిన సంతోషంలో పూర్తిగా మరిచిపోయాను. ముగ్గురం నవ్వుకున్నాం.

పెరట్లోంచి ఇటుకలు తెచ్చి పేర్చాం. మీద పాత దుప్పటి మడత పెట్టి స్పీకర్లు పెట్టాం. గోడకు దూరం జరిపి, ఒకటి ఆయన వైపూ ఒకటి ఆమె వైపూ ఓరగా తిప్పాం. దగ్గరగా ఉన్నాయి కాబట్టి గొంతు తగ్గించగలిగాం. "ఇప్పుడు మగ్గం ఆడించు తమ్మీ" అన్నాను. ఆయన నేస్తున్నాడు, ఆమె దారం తిప్పుతోంది, పాట నడుస్తోంది. రెండో చరణం దగ్గర సుగుణ తల ఎత్తింది.

"ఇన్నేండ్ల సంది గీ పాట ఇంటున్న. గీడ గీ మాటున్నదని నాకు ఇయ్యాలనే ఎర్కైంది" అంది భర్తతో. ఆయన మగ్గం ఆపలేదు. తలూపుతూ నవ్వాడు.

ఎన్నో ఖరీదైన గదుల్లో సామాను బిగించాను. ఆ మధ్యాహ్నం నాకు కలిగిన సంతోషం వాటిలో దేనిలోనూ కలగలేదు. కంపెనీ పుస్తకాల్లో గీసే బొమ్మల్లో గదులు ఖాళీగా ఉంటాయి. మనం బిగించాల్సిన గదుల్లో మగ్గాలుంటాయి, బియ్యం బస్తాలుంటాయి, మనుషులుంటారు.

కింది గది

ఆ వారమే సేటును అడిగాను. "ఆదివారం పూట కింది దుకాణం పాటలు వినేటోళ్ళకు ఇద్దాం సేటూ. ఎవరి సామాను వాళ్ళు తెచ్చుకోని, ఎవరి పాట వాళ్ళు పెట్టుకుంటరు. కొనాలని లేదు."

"కొననోళ్ళు వస్తే దుకాణమెందుకు అనసూయా? గుడి పెట్టుకుందామా?"

"వాళ్ళే పది మందికి చెప్తరు."

"మరి పైనోళ్ళు ఊకుంటరా?"

ఊరుకోరని ఇద్దరికీ తెలుసు. మా దగ్గర ఎక్కువ కొనేది వాళ్ళే. అప్పటికే జనం ఫోన్లలో చూసి ఇంటికి తెప్పించుకోవడం మొదలై, సేటుకు లోపల దిగులుగా ఉంది. కాసేపు గడ్డం గోక్కుని, "కానీ. ఏమైతదో చూద్దాం" అన్నాడు. నాకు తెలిసిన మంచి యజమానులు ఇలాగే ఉంటారు. తెలియనిదాన్ని తెలిసినట్టు కాదనరు.

భూపాల్ సార్ విని, "అంగడి చేస్తున్నవు అనసూయా. కింద డప్పు, పైన సంగీతం రెండూ నడువవు" అన్నారు. నేను నచ్చజెప్పబోయాను. "మీరే వచ్చి వాళ్ళకు రెండు మాటలు చెప్పరాదు సార్?" అన్నాను. ఆయన చెప్పులు వేసుకున్నారు. తర్వాతి ఆదివారం నుంచి వాళ్ళు ఆయన ఇంట్లో చేరేవారు. పై గదికి తాళం పడింది.

కింద మొదటి ఆదివారం నర్సింహ, సుగుణ తప్ప ఎవరూ రాలేదు. సేటు నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపే భారంగా అనిపించింది. తర్వాత ఒక్కొక్కరూ మొదలయ్యారు. చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి, బస్సులో తను వినే ఇయర్‌ఫోన్లు తెచ్చి "ఇవి మంచివేనా?" అంటూ భయంభయంగా అడిగింది. నందికొండ నుంచి ఇరిగేషన్‌లో పనిచేసే ఒకాయన, తను చెక్కతో చేసుకున్న స్పీకరు డబ్బాను బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. నియమం ఒక్కటే. తెచ్చినవాళ్ళ పాట చివరిదాకా వినాలి, ఎవరూ నవ్వకూడదు. పెద్ద సామాను కొన్నవాళ్ళు తక్కువే. చిన్నవి కొన్నవాళ్ళు, బాగుచేయించుకున్నవాళ్ళు చాలామంది. దుకాణం నిలబడింది. సేటు మాత్రం ఎంత గోలలోనైనా యథాప్రకారం నిద్రపోయేవాడు.

చెప్పక తప్పని మాట

భూపాల్ సార్ నా మీద అలిగినా, ఇంట్లో సామానుకు ఏదైనా అయితే నన్నే పిలిచేవారు. ఏడాది తిరిగేలోపు ఆంప్లిఫయరు మార్చారు, స్పీకర్లు మార్చారు. అయినా తృప్తి లేదు. "గొంతు మొద్దుబారింది అనసూయా. తెర వెనుక కూసోని పాడినట్టున్నది. నల్లగొండ కరెంటే మంచిది కాదు" అనేవారు. ఇంటికి వచ్చే స్నేహితులు కూడా పలచబడ్డారు.

ఒక రోజు మళ్ళీ కబురు చేశారు. ఇంకో ఆంప్లిఫయరు కొంటారట, ఏది మంచిదో చెప్పాలట. వెళ్ళాను. పాట పెట్టారు. తాళాల మోత సూదుల్లా చెవిలో దిగింది. ఒక్క క్షణం కూర్చోలేకపోయాను. చూస్తే, పై గొంతు, అంటే ట్రెబుల్, పెంచే నాబ్ చివరిదాకా తిప్పి ఉంది.

"చూసినవా, ఎంత మొద్దుగున్నదో" అన్నారు సార్.

వంటింటి గుమ్మంలో ఆయన భార్య శారదమ్మ నిలబడి ఉంది. మా ఇద్దరి కళ్ళూ కలిశాయి. ఆమె తల దించుకుంది. ఆమెకు తెలుసు. ఆయనతో అనే ధైర్యం లేదు.

ఆ పూట నేను ఒక ఆంప్లిఫయరు పేరు చెప్పి ఉంటే సేటు సంతోషించేవాడు, సార్ సంతోషించేవారు. కొన్నాళ్ళకు మళ్ళీ పిలిచేవారు. కాని నాకు వినడం నేర్పిన మనిషి ఆయన. పాట ఆపమన్నాను. ఎదురుగా కూర్చున్నాను.

"సార్, తప్పుగ అనుకోకుండ్రి. సామాను మంచిగనే ఉన్నది. మీరొకసారి చెవుల డాక్టరుకు చూపించుకుంటే బాగుంటది."

ఆయన మొహం నల్లబడింది. తర్వాత నెమ్మదిగా, "నీకు నేర్పింది నేను. నా చెవులకే వంక పెట్టేదాకా వచ్చినవా? పో" అన్నారు. శారదమ్మ గేటు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

నేను దుకాణం చేరేలోపే ఆయన సేటుకు ఫోన్ చేశారు. సేటు నన్ను కూర్చోబెట్టి, "ఏమైందమ్మా?" అన్నాడు. జరిగింది చెప్పాను.

"నిజం చెప్పినవా, బేరం చెడగొట్టినవా?"

"రెండూ అయినయి సేటూ."

"సరే. బేరం మళ్ళ దొరుకుతది. గాయిన ఏమైతడో మరి, మెల్లగ కనుక్కో" అన్నాడు.

కనుక్కునే దారి లేదు. నా ఫోన్ ఎత్తలేదు. ఆదివారాలు నడుస్తూనే ఉన్నాయి, నవ్వుతూనే ఉన్నాను, కాని ఇంటికి పోయాక ఆయన మొహమే కళ్ళలో మెదిలేది. అనకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను. అందరూ కలిసి కూర్చుని వినాలని కింది గది తెరిచాను. అందులో మొట్టమొదట ఉండాల్సిన మనిషే ఒంటరైపోయారు.

ఎండలో నిలబడ్డ మనిషి

చలికాలం పోయి ఎండలు ముదురుతున్నప్పుడు, ఒక ఆదివారం నర్సింహ బయటికి తొంగిచూసి, "అక్కా, గాయిన పై గది సార్ కాదూ?" అన్నాడు. రోడ్డుకు అవతల, కొబ్బరిబొండాల బండి పక్కన భూపాల్ సార్ నిలబడి ఉన్నారు. బొండాం కొనడం లేదు. మా వైపు రావడమూ లేదు. నేను లేవబోయాను. నర్సింహ అప్పటికే రోడ్డు దాటుతున్నాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"ఎండల నిలబడ్డరేంది సార్? లోపటికి రాండ్రి."

సార్ ఆయన్ని గుర్తుపట్టారు. అప్పుడు చూశాను, రెండు చెవుల వెనుకా చిన్న మిషన్లు. హైదరాబాద్ దవాఖానలో పెట్టించుకున్నారట.

"నేనొచ్చి ఏం చేస్త నర్సింహా. మిషన్ పెట్టుకున్న. మాటలు తెలుస్తున్నయి. పాట మాత్రం రేకుడబ్బల పలికినట్టున్నది. నాకిగ పాట లేదు" అన్నారు. కాలేజీలో క్లాసును గడగడలాడించిన గొంతు అది.

నర్సింహ తొందరపడలేదు. "మగ్గం నడుస్తుంటే నేను గూడ అంతా ఇనను సార్. ఇనవడ్డంత ఇంట. మిగిలింది నాకెర్కున్న పాటనే గదా, మనసుల పాడుకుంట. మీకు నాకన్న ఎక్కువ పాటలెర్క" అన్నాడు. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు.

లోపల ఎవరూ మిషన్ల వైపు చూడలేదు. సుగుణ ఒక కుర్చీని స్పీకరుకు దగ్గరగా జరిపింది. సార్ కూర్చున్నారు. తర్వాత నర్సింహతో, "ఆ రోజు తెచ్చినవే, రంగు దారాలు చుట్టింది. గది పెట్టు. వింట" అన్నారు. అంతే. క్షమించమని ఆయన అనలేదు, నర్సింహ అనిపించుకోనూ లేదు. కార్ల ఆంప్లిఫయరు మీద పాట మొదలైంది. సార్ చివరిదాకా విన్నారు.

నాతో ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "శారద నిన్ను ఒకసారి ఇంటికి రమ్మన్నది. అన్నానికి" అన్నారు. వెళ్ళాను. పప్పు కలుపుకుంటూ, మిషన్లను పాటకు తగ్గట్టు ఎలా సరిచేయించుకోవాలో, డాక్టరుతో ఏం మాట్లాడాలో అని నన్నే సలహా అడిగారు. ఇద్దరం కలిసి ఆలోచించాం. పలుమార్లు సరిచేయించుకున్నాక పాట కొంత దారికొచ్చింది. మునుపటిలా మాత్రం రాలేదు. ఆ మాట దాచిపెట్టడం నాకిష్టం లేదు.

కాని ఆయన ఆదివారం మానలేదు. కొత్తవాళ్ళు వస్తే ముందుగా ఆయనే కుర్చీ చూపించేవారు.

పని మానే ముందు ఆదివారం

మౌనికా, చివరిగా ఒక్క రోజు సంగతి చెబుతాను. నేను పని మానేసే ముందు వచ్చిన ఆదివారం అది. దేవరకొండ వైపు నుంచి గొర్రెలు అమ్మడానికి భర్తతో కలిసి వచ్చిన ఒకామె, పాట వినపడి మా గుమ్మంలో ఆగింది. పేరు కొమురమ్మ. గుమ్మానికి దగ్గరగా ఉన్నది భూపాల్ సారే.

"గీడ పాట ఇనాల్నంటె పైసలియ్యాల్నా సారూ?"

"ఏమియ్యనవసరం లేదు. లోపటికొచ్చి కూసో. ఇంటికాడ ఏం వింటవు?"

ఆమె కుర్చీ వద్దని నేల మీద కూర్చుంది. "గీ ఫోన్లనే ఇంట సారూ. ఒగ్గు కథలు, పాటలు. మంద కాడ గాలికి సక్కగ ఇనరాదు. స్టీలు గిలాసల ఏస్తే జర పెద్దగ మోగుతది" అంది. అన్నాక, ఆ చుట్టూ ఉన్న సామాను చూసి సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గిలాస ఉన్నదా నీ దగ్గర?" అన్నారు సార్.

మూటలోంచి తీసి ఇచ్చింది. సార్ కుర్చీ దిగి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నారు. ఫోనును గ్లాసులో నిలబెట్టి, తల వంచి విన్నారు. "పెద్దగనే మోగుతున్నది. గని జర కరుకుగున్నది. ఇత్తడి చెంబుల ఏసి చూసినవా?"

"చెంబు నీళ్ళకు గావాలె గద సారూ."

అందరం నవ్వాం, ఆమె కూడా నవ్వింది. సుగుణ తన మంచినీళ్ళ చెంబు ఖాళీ చేసి తెచ్చింది. చెంబులో గొంతు గుండ్రంగా పలికింది. మంచిగుందని కొందరు, గిలాసే నయమని కొందరు. "మట్టికుండల ఎట్లుంటదో" అన్నాడు నర్సింహ. నిద్రలో ఉన్న సేటును లేపి, పక్క సందులో కుండలమ్మే వాళ్ళ దగ్గరికి పంపించాం. ఓనరును అలా పంపించవచ్చా అని ఎవరికీ తోచలేదు, ఆయనకూ తోచలేదు. చిన్న కుండ పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు.

కుండలో ఫోను పెట్టాం. కొమురమ్మ చెవి దగ్గరగా పెట్టి వింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "గిదే మంచిగున్నది. మనిషి ఎదురుంగ కూసోని పాడినట్టున్నది" అంది.

"కుండల అట్లెందుకు పలుకుతదంటే..." అని భూపాల్ సార్ మొదలుపెట్టారు. ఇంతలో పాట రెండో చరణం అందుకుంది. ఆయన మాట ఆపి, "అయినంక చెప్త" అని కుండ మీదికి వంగారు. కొమురమ్మ ఆయనకు చోటిస్తూ కొంచెం పక్కకు జరిగింది.